తరుగు

ఏప్రిల్ ఇరవై మూడు. బడికి ఆఖరి రోజు.
ఒంటిపూట. పదకొండున్నరకి
ఐరాల బస్సు హారన్ వినపడగానే
నాలుగో తరగతి మొత్తం సంచులు తగిలించుకుంటుంది.
ఇంకా గంట కొట్టలేదు, కూచోండి అంటాను.
సగం మంది కూచుంటారు.
సగం మంది కూచున్నట్టు నిలబడతారు.

గోడల మీది చార్టులు విప్పుతున్నాం.
మైదాపిండి ఉడికించి అంటించిన సౌరకుటుంబం
రానంటోంది. లాగితే
శనిగ్రహం సున్నంతో సహా ఊడొచ్చింది,
ఉంగరం మాత్రం గోడకే ఉండిపోయింది.
"ఉండనీ మేడం, వచ్చే సంవత్సరం పిల్లోళ్లకి" అన్నాడు యుగంధర్,
ఆస్తి రాసిచ్చినట్టు.

తలుపు చెక్క మీద జూన్‌లో గీసిన పెన్సిల్ గీతలు.
మళ్లీ వీపులు ఆనించి కొలిచాం.
షఫీవుల్లా నాలుగు వేళ్లు పెరిగాడు.
ధరణి మడమలెత్తింది, పట్టుకున్నారు, గొడవ.
బిందుశ్రీ గీత దగ్గర ఎవరూ నిలబడలేదు.
దసరా అయినాక వాళ్ల నాయన రాతిక్వారీ పనికని
అందరినీ తీసుకుని కృష్ణగిరి పక్కకి పోయాడు.
పిల్లలే వాదించుకుని
ఆ పిల్ల ఇప్పుడు ఇంత ఉంటుందని
చుక్కలు చుక్కలుగా ఒక గీత గీశారు.

ఇక సెలవుల పని.
మండలం కాగితంలో ఇలా ఉంది:
రోజుకొక పేజీ చేతిరాత,
పన్నెండు నుంచి ఇరవై దాకా ఎక్కాలు,
చూసిన పర్యాటక స్థలం గురించి పది వాక్యాలు.
"మేడం, మా అవ్వోళ్ల ఊరు పర్యాటక స్థలమేనా?"
"ఏముందక్కడ?"
"ఏమీ లేదు. బోరుండాది."
రాసుకురా, అన్నాను.

చివర్లో ఒక లెక్క. ఇది నా సొంతం.
లెక్కల మూలకి తలా వంద చింతగింజలు తెమ్మంటే
శివరాత్రి మర్నాడు గంగోత్రి
గోనెసంచి ఈడ్చుకొచ్చింది.
అప్పట్నుంచి నా లెక్కలన్నిటికీ చింతపండు వాసన.
బోర్డు మీద రాశాను:
కిలో చింతపండు కొట్టి గింజ తీస్తే పదకొండు రూపాయలు.
రోజుకి ఎనిమిది కిలోలు. ఆరు రోజులకి ఎంత?

అందరికీ ఐదువందల ఇరవై ఎనిమిది.
గంగోత్రికి నాలుగొందల తొంభై ఐదు.
ఎర్రపెన్ను తీశాను.
"తప్పమ్మా, మళ్లీ గుణించు."
"గుణకారం సరిగానే ఉండాది మేడం.
మీరే తరుగు తీయలా."
"తరుగా?"
"ఎనిమిది కిలోలకి అరకిలో. తేమ అంటాడు మండీ అన్న.
మాయమ్మ అడిగితే, ఇష్టముంటే కొట్టు, లేకుంటే పో అంటాడు."
ముక్కు తుడుచుకుని కూచుంది.
ఫిర్యాదు కాదు. లెక్కలో ఒక మెట్టు
నేను మరిచిపోతే అందించింది, అంతే.

పదిహేడేళ్ల సర్వీసు నాది.
ఎన్ని శిక్షణలకి పోయినా
తరుగు సంగతి ఎవరూ చెప్పిన గుర్తు లేదు.

అంతలో షఫీవుల్లా లేచాడు: పాలల్లో వెన్న తక్కువని డెయిరీలో కోస్తారంట.
ధరణి: మామిడికాయల టన్నుకి ఎంతో వాళ్ల తాతకే తెలుసంట.
యుగంధర్‌కి చెప్పడానికేమీ దొరక్క
వాళ్లన్న తన ఐస్‌క్రీమ్ మొదట కొరుకుతాడన్నాడు.
నేను ఎర్రపెన్నుకి మూత పెట్టి
గంగోత్రి జవాబుకి మామూలు నీలిరంగుతో టిక్కు కొట్టాను.
మండలం కాగితం కింద ఇంకో వరస చేర్చాను:
మీ ఇంటి పనిలో తరుగెంతో కనుక్కుని రండి.

హారన్ మోగింది.
వెళ్తూ వెళ్తూ గంగోత్రి వాకిట్లో ఆగింది.
"మేడం, ఆ సంచి తీస్కపోనా?
గింజలు కూడా కొంటాండారంట."
తీస్కపో, అన్నాను.
ఎత్తుకుంది, మళ్లీ దించింది,
దోసిలి నిండా నా బల్ల మీద పోసి
"వంద ఉంటాయి, మీ లెక్కలకి" అని పరిగెత్తింది.

బస్సు మలుపు తిరిగాక
ఖాళీ గదిలో కూచుని లెక్కపెట్టాను.
తొంభై నాలుగు.
రెండోసారీ తొంభై నాలుగే.
తేమ అయ్యుంటుంది.